విత్తనానికి మిగిలినవి

టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో ఉండే మా మేనకోడలు ఏటా లైసెన్సు కాక మరో 48 డాలర్లు కట్టి, ప్రభుత్వ భూముల్లో వేటాడే పర్మిట్ తీసుకుంటుంది. నేను ఆత్మకూరు వాణ్ని. నల్లమల అంచున పుట్టి, కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా అడవిలో దుప్పిని కొట్టినవాడు జైలుకు పోతాడు. అక్కడ జింకను కొట్టినవాడు లైసెన్సు నుంచి చింపిన చీటీ దానికి కట్టి, దర్జాగా ఇంటికి తెచ్చుకుంటాడు. రెండు చోట్లా చట్టం చెప్పుకునేది వన్యప్రాణులను కాపాడుతున్నామనే. ఇవి రెండూ న్యాయమే ఎలా అవుతాయని ఒక చలికాలం వాళ్లింట్లో ఉన్నన్నాళ్లూ మేమిద్దరం వాదించుకున్నాం. అందులో నాకు ముఖ్యమనిపించినంత మేరకు రాస్తున్నాను.

"ముందు ఇది చెప్పమ్మా," అన్నాను. "పర్మిట్ కొన్నంత మాత్రాన ఒక ప్రాణి మీద నీకు హక్కెలా వస్తుంది?"

"హక్కు రాదు మామయ్యా. ఇక్కడి చట్టంలో అడవి జంతువు ఏ ఒక్కరి సొత్తూ కాదు. టెక్సస్‌లో నూటికి తొంభై పాళ్ల పైగా భూమి ప్రైవేటు వాళ్లదే. ఆ భూమిలో తిరిగే జింక మాత్రం భూమి గలవాడిది కాదు, రాష్ట్ర ప్రజలందరిదీ. ఆయన మనిషిని లోపలికి రానివ్వకపోవచ్చు గానీ జింక నాదే అనడానికి లేదు. ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్త. 1842లో న్యూజెర్సీలో ఒక నది అడుగున పెరిగే ఆల్చిప్పలు ఎవరివన్న తగువు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ నీళ్లూ, వాటి అడుగు నేలా రాజు ప్రజల కోసం పట్టుకున్నవి, విప్లవం తర్వాత ఆ బాధ్యత రాష్ట్రానికి వచ్చింది అని కోర్టు చెప్పింది. అడవి జంతువుల విషయంలోనూ తర్వాత అదే దారిలో ఆలోచించారు."

"రాజులు ప్రజల కోసం పట్టుకున్నారా! హైదరాబాదులో హరిణ వనస్థలి చూశావు కదా. ఒకప్పుడు అది నిజాం వేట అడవి. రాజు వేటకు జింకలు ఉండాలంటే పక్క ఊరివాడు ముట్టుకోకూడదు. జంతువుల్ని కాపాడటం అనేది మన దగ్గర అలాగే మొదలైంది."

"నేను ఈ పబ్లిక్ భూముల కోసం ఇంత పట్టుపట్టేది అందుకే," అంది. "ఇక్కడా డబ్బున్నవాడు రైతు దగ్గర సీజనుకు భూమి లీజుకు తీసుకుంటాడు, వేల డాలర్లు పోసి. నాలాంటి వాళ్లకు రిచ్‌ల్యాండ్ క్రీక్ ఉంది."

కోర్సికానా ఊరు దాటాక ట్రినిటీ నది పక్కన ఉంటుంది ఆ రిచ్‌ల్యాండ్ క్రీక్ వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియా. సుమారు 14,000 ఎకరాలు. రిచ్‌ల్యాండ్-చేంబర్స్ రిజర్వాయరు కట్టినప్పుడు మునిగిపోయిన అడవికి బదులుగా ఏర్పడింది. నది నీళ్లను అక్కడి చిత్తడి మడుగుల్లోకి మళ్లించి, తేరుకున్నాక రిజర్వాయరులోకి తోడతారు. ఆర్లింగ్టన్ కుళాయిల్లోకి వచ్చే నీళ్లలో అవీ ఉంటాయి. చలికాలం ఉత్తరం నుంచి బాతులు వచ్చి దిగేదీ ఆ మడుగుల్లోనే. శ్రీశైలం డ్యాము నీళ్ల కింద పోయిన ఊళ్లను ఎరిగినవాణ్ని కాబట్టి, మునిగినదానికి బదులు చూపించారన్న మాట దగ్గర నేను వాదం ఆపి కాసేపు ఊరుకున్నాను.

అక్కడి నియమాలు ఆమె చెబుతుంటే నాకు మొదట విసుగొచ్చింది. 1971 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టినవాళ్లు వేట శిక్షణ పాసవ్వాలి. గేటు దగ్గర పేరు రాయాలి. తుపాకీతో జింక వేటకైతే డ్రా తీస్తారు, పేరు వచ్చినవాళ్లకే ప్రవేశం. ఛాతీ మీదా వీపు మీదా తల మీదా కళ్లు చెదిరే ఆరెంజ్ రంగు ఉండాలి. బాతులకైతే తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకుండా అడ్డు బిగించాలి. సీసపు గుళ్లు వాడకూడదు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం దాకానే కాల్చాలి. రోజుకు ఆరు బాతులు, అందులో మల్లార్డ్ ఆడవి రెండే.

"ఇదంతా చూస్తే ఆట నియమాల్లా ఉన్నాయమ్మా. చంపడాన్ని ఆట చేసుకున్నట్టుంది."

"ఒక్కో నియమం వెనక ఎన్ని చావులున్నాయో చూడండి. బాతులు తిండి అరగడానికి చిన్న గులకరాళ్లు మింగుతాయి. మడుగు అడుగున పడిన సీసపు గుళ్లనూ అలాగే మింగి విషంతో చచ్చేవి. 1991 నుంచి దేశమంతటా బాతుల వేటలో సీసం నిషేధం. మూడు తూటాల అడ్డు, అమ్మకూడదన్న నియమం ఎందుకంటే, ఇక్కడ ఒకప్పుడు పట్నం మార్కెట్లకు బళ్ల కొద్దీ పిట్టల్ని కొట్టి పంపేవాళ్లు. ఆకాశాన్ని కమ్మేసేన్ని పావురాల జాతి ఒకటుండేది. దాంట్లో చివరిది 1914లో సిన్సినాటి జూలో చచ్చిపోయింది. తెల్లతోక జింకలు కూడా 1900 నాటికి దేశం మొత్తం మీద 5 లక్షలకు పడిపోయాయని అంచనా. ఇప్పుడు 3 కోట్ల దాకా ఉంటాయంటారు. నేను కొట్టిన బాతును అమ్మితే నేరం మామయ్యా. తినకుండా పారేసినా నేరమే."

అమ్మకూడదన్న ఆ ఒక్క నియమం నాకు మిగతా అన్నిటికంటే పెద్దదిగా తోచింది. అమ్మడానికి వీల్లేకపోతే మనిషి కడుపుకు పట్టినంతే చంపుతాడు. ధర పలికే చోట ఆశకు కడుపులాగా నిండడం ఉండదు.

అయినా నా అసలు అభ్యంతరం వేరే ఉంది. "ఆదిపర్వంలో పాండురాజు కథ గుర్తుందా? జింకల జంటను బాణంతో కొట్టాడు. అది జింక రూపంలో ఉన్న కిందముడనే ముని. వేట రాజధర్మమే కదా అని పాండురాజు వాదించాడు. ముని ఏమన్నాడు? నువ్వు జింకను చంపావని నిన్ను తప్పుపట్టడం లేదు, జతకట్టిన వేళ ఆగలేకపోయావు అన్నాడు. వేటకు కాలనియమం అడిగిన మాటగా నేను దాన్ని క్లాసులో చెప్పేవాణ్ని. మరి మీ జింకల సీజన్ ఎప్పుడు?"

"తుపాకీ వేటకైతే నవంబరు మొదటి శనివారం మొదలు."

"ఆ ప్రాంతంలో జింకలు జతకట్టేదెప్పుడు?"

ఆమె తడబడలేదు. "నవంబరులోనే. మీరు ఎటు వస్తున్నారో తెలుసు. పిల్లలు పుట్టేది ఎండాకాలం మొదట్లో. నవంబరుకల్లా పాలు మాని సొంతంగా మేస్తుంటాయి. వసంతంలో వేటాడితే కడుపుతో ఉన్న తల్లి పోతుంది, వేసవిలో అయితే పాలు తాగే కూన పోతుంది. ఒక మగజింక ఎన్నో ఆడజింకలతో కలుస్తుంది, కొన్ని మగవి తగ్గినా వచ్చే ఏటి కూనలు తగ్గవు. సీజన్ పెట్టింది పిల్లల్ని చూసి."

"అంటే మంద బాగుంటే చాలునన్నమాట. కిందముడు మాట్లాడింది బాణం తగిలిన ఆ ఒక్క ప్రాణి తరఫున."

"ఒప్పుకుంటాను. ఒక్క ప్రాణి గోడు చట్టానికి వినిపించదు," అంది చాలాసేపటికి. "అది తుపాకీ పట్టుకున్నవాళ్లకే వినిపించాలి. దెబ్బతిన్న బాతు రెల్లులో పడితే శక్తికొద్దీ వెతకాలని చట్టం ఉంది. వెతికినా దొరకనిదాన్ని నా ఆరింటిలో లెక్కవేసుకుంటాను. అది నన్నెవరూ అడగరు. చీకట్లో, మోకాలి లోతు నీళ్లలో, మైలు దూరంలో మనిషి ఉండడు. గేమ్ వార్డెన్ వస్తే రావచ్చు, రాకపోవచ్చు. ఇక్కడి వన్యప్రాణి శాస్త్రవేత్త ఆల్డో లియోపోల్డ్ ఇదే చెప్పాడు. వేటగాడి ప్రవర్తనను మెచ్చడానికైనా తప్పుపట్టడానికైనా చుట్టూ జనం ఉండరు, కాబట్టి అతని మనస్సాక్షే అతనికి మిగులుతుందని."

ఈ మాట నాకు నచ్చింది. నచ్చినా, మంద బతకడం కోసం ఒక్కదాన్ని తీయవచ్చన్న లెక్క నాకు పూర్తిగా మింగుడుపడలేదు, ఇప్పటికీ పడదు. కాకపోతే మంద గోడు కూడా భారతంలో ఉందని నాకు అప్పుడే తట్టింది. అరణ్యపర్వంలో, ద్వైతవనంలో పాండవులు వేటాడుకుని బతుకుతుంటే ఒక రాత్రి ధర్మరాజు కలలోకి జింకలు వణుకుతూ వచ్చి, మా కులంలో విత్తనానికి మిగిలినట్టు కొద్దిమందిమే మిగిలాం, మమ్మల్ని పెరగనివ్వు అని వేడుకుంటాయి. తెల్లారి ఆయన తమ్ముళ్లకు చెప్పి కామ్యకవనానికి తరలిపోతాడు. ఇకపై వేట మానేస్తానని అనలేదాయన. ఆ అడవిని వదిలి వెళ్లాడు, అంతే.

"అది సీజన్ మూసేయడమే మామయ్యా!" అంది ఆమె, కళ్లు మెరుస్తుండగా.

"అవును. తేడా ఏమిటంటే ఇక్కడ జింకలు ఎవరి కలలోకీ రానక్కర్లేకుండా లెక్కపెట్టేవాళ్లున్నారు."

ఆ లెక్కపెట్టేవాళ్ల జీతాలు కొంతవరకు వేటగాళ్ల నుంచే వస్తాయని ఆమె చెప్పింది. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్లు, షాట్‌గన్‌లు, తూటాల మీద 11 శాతం పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు చేరుతుంది. ఆ పన్ను కట్టేవాళ్లలో వేటాడని తుపాకీదారులూ ఎందరో ఉన్నారు, డబ్బు పెట్టినవాడి మాటే చెల్లే ప్రమాదం కూడా ఉంది. ఆమె కాదనలేదు.

"మరి పంది?" అని అడిగాను. మా వైపు వేరుశనగ చేలో అడవిపంది పడితే రైతుకు నిద్ర ఉండదు. కొందరు కరెంటు తీగ లాగుతారు. ఆ తీగకు పందే తగలాలని లేదు, మనిషీ తగలవచ్చు, పులీ తగలవచ్చు.

"ఇక్కడ పందికి సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్కా లేదు. స్పెయిన్ వాళ్లు తెచ్చిన పందుల సంతతి అవి. ప్రైవేటు భూమిలో యజమాని సరేనంటే 2019 నుంచి లైసెన్సు కూడా అక్కర్లేదు."

అది విన్నాక సీజన్ అనే మాట నాకు కొత్తగా వినిపించింది. అప్పటిదాకా దాన్ని చంపడానికిచ్చిన గడువు అనుకున్నాను. ఒక జంతువుకు సీజన్ పెట్టారంటే వచ్చే ఏడూ అది ఉండాలని మనుషులు అనుకుంటున్నట్టు. పంది ఉండాలని ఎవరూ అనుకోలేదు, దానికి సీజనూ లేదు.

"మన దేశంలో ఎప్పుడూ సీజన్లు లేవా?" అని అడిగింది.

"ఉండేవి. 1972 వన్యప్రాణి చట్టంలో పెద్ద వేటకొకటి, చిన్న వేటకొకటి లైసెన్సులు రాసి ఉండేవి. 1991 సవరణతో తీసేశారు. తీసేయడం మంచిదే. తుపాకీ గలవాడికే ఆ లైసెన్సు అక్కరకొచ్చేది. కానీ విల్లు తప్ప ఇంకేమీ లేని మా నల్లమల చెంచువాడికీ అదే తలుపు మూసుకుంది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చి తేనె, గడ్డలు వంటి ఫలసాయం మీద హక్కు రాసింది. సంప్రదాయ హక్కుల్లోంచి వేటను మాత్రం పేరు పెట్టి మరీ మినహాయించింది."

"అయితే మీరు చెంచులకు సీజన్ ఇవ్వమంటారా?"

"అనను," అన్నాను. "ఇక్కడ మీరు తోడేళ్లను తుడిచిపెట్టి, వాటి చోట మీరు కూర్చున్నారు. జింకలు పెరిగిపోతే తగ్గించేది మీరే. నల్లమలలో ఆ చోటు ఖాళీగా లేదు, పులి ఉంది. దుప్పీ కణితీ దాని తిండి."

"పులి వాటా మీరు తేల్చేశారు. చెంచు వాటా?"

"మీ దగ్గర నియమం మార్చేముందు ముసాయిదా బయటపెట్టి జనం అభిప్రాయం అడుగుతారన్నావు చూడు, అది వాళ్లకు కావాలి. పులి అడుగు చూసి ఎప్పటిదో చెప్పగలిగేది వాళ్లే. అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో కాపలా కాసేవాళ్లలోనూ వాళ్లున్నారు. ఏ దారి ఏ నెలలో మూయాలి, ఏ కుంట పులికి వదలాలి, తేనెకు ఎక్కడిదాకా పోవచ్చు, ఇవన్నీ గూడేల్లో కూర్చుని తేల్చాలి."

"కూర్చున్నారు. వాళ్లు వేటే కావాలన్నారు. అప్పుడు?"

"అప్పుడూ కాదనే అంటాను. కాకపోతే వాళ్ల ఎదుట కూర్చుని, ఎన్ని దుప్పులున్నాయో వాళ్లతో కలిసి లెక్కపెట్టి, వాళ్లడిగినదానికి జవాబిచ్చి అంటాను."

అది చాలదంది ఆమె. రిచ్‌ల్యాండ్ క్రీక్‌లో తనకు డ్రా రాకపోతే మరో చోటికి పోవచ్చు, చెంచుకు మరో అడవి లేదు అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. చెంచుల గూడెంలో ముందు అడగవలసిన ప్రశ్న అదేనని మాత్రం ఒప్పుకున్నాను.