‘దాసి’ని ఎవరి కోసం చూస్తున్నాం?

రెండేళ్ళ క్రితం ఎండాకాలంలో, దేవరకొండ దగ్గర మా ఊళ్ళో, మా నాయినమ్మకి ‘దాసి’ సినిమా చూపించాను. బియ్యం డబ్బా మీద ల్యాప్‌టాప్ పెట్టి, ఆమె పక్కన మంచం మీద కూచున్నాను. నా పిహెచ్‌డి గ్రంథంలో ఒక అధ్యాయం ఈ సినిమా మీదే. రాస్తున్నన్నాళ్ళూ రాని ఆలోచన, డిగ్రీ చేతికొచ్చాక వచ్చింది. ఈ కథ ఎవరిదో వాళ్ళింట్లో మనుషులకి దీన్ని నేనెప్పుడూ చూపించలేదు. నాయినమ్మ వాళ్ళమ్మ సూర్యాపేట వైపు ఒక గడిలో వెట్టి చేసింది. మా ఇంట్లో ఇంతకు మించి ఒక్క మాట కూడా ఎవరి నోటా రాలేదు.

కమలాక్షి గడిలో తిరుగుతుంటే నాయినమ్మ ఒకటి రెండుసార్లు ‘గట్లనే’ అంది. తర్వాత మాట్లాడలేదు. సినిమా సగం దాటాక ‘బంజెయ్యి బిడ్డా’ అంది. ఆపేశాను. చాలాసేపటికి అడిగింది.

‘గిది ఎవలు జూస్తరు?’

పెద్ద అవార్డులొచ్చినయి నాయినమ్మా, యూనివర్సిటీల పిల్లలు చూస్తరు అన్నాను.

‘జూసి ఏం జేస్తరు?’

పాఠం చెప్తం అన్నాను. అంటుంటే నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

బి. నర్సింగరావు ‘దాసి’ని 1988లో తీశారు. ఉత్తమ తెలుగు చిత్రంగానే కాక, అర్చన నటనకు, ఎ.కె. బీర్ ఛాయాగ్రహణానికి, వైకుంఠం కళా దర్శకత్వానికి, సుదర్శన్ వస్త్రాలంకరణకు కలిపి ఐదు జాతీయ పురస్కారాలు అందుకున్న సినిమా అది. ఆ సుదర్శన్‌ది మిర్యాలగూడ. సినిమా పేరే ఇంటిపేరై ఆయన ‘దాసి సుదర్శన్’ అయ్యాడు. గడిలో దాసిగా బతికే కమలాక్షికి దొర వల్ల కడుపొస్తే, పిల్లలు లేని దొరసాని దాన్ని తీయించేస్తుంది. కథ ఇంతే. దొరసాని కూడా ఆ గోడల మధ్య బందీయేనని, కానీ ఆ బందీ చేతిలో కూడా ఇంకో ఆడదాని కడుపు మీద అధికారం ఉందని ఆ సినిమా చెప్పినంత నిబ్బరంగా మన సాహిత్యంలో చెప్పినవాళ్ళు తక్కువ. హింసను ఊరించే దృశ్యంగా మార్చని సినిమా అది. ఈ మాట నా గ్రంథంలో రాశాను, ఇప్పటికీ అదే నమ్ముతున్నాను. అందుకే నాయినమ్మ ప్రశ్న ఇంకా కష్టమైంది. చెడ్డ సినిమా అయితే దర్శకుడి మీద నేరం మోపి చేతులు దులుపుకునేదాన్ని.

మన నేల మీద వచ్చిన మంచి సినిమాలన్నిటినీ మళ్ళీ చూశాను. శ్యామ్ బెనెగల్ ‘నిశాంత్’ (1975) పోచంపల్లిలో తీశారు, 1951లో వినోబాకు మొదటి భూదానం జరిగిన ఆ ఊళ్ళోనే. బడిపంతులు భార్య సుశీలను దొర తమ్ముళ్ళు ఎత్తుకుపోతారు. ఊరు చివరికి తిరగబడుతుంది, గడి కూలుతుంది. ఆ తిరుగుబాటులోనే సుశీల కూడా చచ్చిపోతుంది. ఆమె కోసం మొదలైన కోపానికి ఆమె ఆనవాలు కూడా దొరకదు. ఈ ముగింపు చూసి తెల్లబోయాను గానీ, బెనెగల్ అక్కడ నిజమే చెప్పాడనుకుంటాను. గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ (1979)లో రామయ్య ప్రేమించిన చంద్రి దొరకు లొంగాల్సి వస్తుంది. రామయ్య ఊరు విడిచి వెళ్ళిపోతాడు, కెమెరా అతని వెంటే పోతుంది. అతను నగరం చూస్తాడు, సంఘం చూస్తాడు, చైతన్యం తెచ్చుకుని తిరిగొస్తాడు. ఈలోగా చంద్రి ఏ పూట ఏం తిన్నదో, ఎవరితో మాట్లాడిందో మనకు తెలియదు. సమాజం మారుతోంది అని సినిమా చెప్పేటప్పుడు ఆ మార్పు ఊరు దాటి పోగలిగినవాడి కాళ్ళకే కనిపించడం మామూలైపోయింది.

అయితే ఇదంతా విమర్శకురాలిగా నాకు సులువైన పని. అసలు సంగతి ఇంకోటుంది.

నా అధ్యాయంలో రెండు వాక్యాలున్నాయి. మా ముత్తవ్వ గడిలో వెట్టి చేసిందని, ఆ గడి మౌనం మా ఇంట్లో ఇంకా ఉందని రాశాను. ఒక సెమినార్‌లో ఆ రెండు వాక్యాలే అందరికీ నచ్చాయి. ‘లోపలి మనిషి గొంతు’ అన్నారు. నేను తల వంచుకుని మెచ్చుకోలు పుచ్చుకున్నాను. ఆ ఎండాకాలం సాయంత్రం నాయినమ్మకి ఈ మాట చెప్పేశాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, ‘నన్నడిగినవా?’ అంది. అంతే.

అడగలేదు. ఎందుకు అడగలేదని నన్ను నేను ప్రశ్నించుకుంటే దొరికిన జవాబు నాకు ఇష్టం లేనిది. అడిగితే వద్దంటుందేమోనని.

ఇక్కడ నాతో నేనే వాదులాడుకుంటాను. ఆ మౌనం నిజంగా ఆమెదేనా? గడి చేసిన పాపానికి గడిలో పనిచేసిన ఆడదే సిగ్గుపడాలనే పితృస్వామ్యపు లెక్క కాదా అది? దొరల ఫోటోలు గోడల మీద ఉంటాయి, వాళ్ళ వంశవృక్షాలు దొరుకుతాయి. మా ముత్తవ్వకి ఒక్క ఫోటో లేదు. మేం మాట్లాడకపోతే ఎవరికి లాభం? ఈ వాదం బలమైనదే. కానీ బాధితురాలి మౌనాన్ని ‘పితృస్వామ్యం’ అని పేరు పెట్టి ఆమె చేతిలోంచి లాక్కోవడం నాకు మరీ సులువుగా వచ్చేసింది. ఆమె దగ్గర ఎవరూ లాక్కోని వస్తువు అదొక్కటే మిగిలిందేమో.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ మనందరం చదువుకున్నదే. మల్లు స్వరాజ్యం మొదలుకుని ఎందరో స్త్రీలు తెలంగాణ సాయుధ పోరాటం గురించి, ఆ తర్వాత పార్టీ తమను ఇంటికి పొమ్మన్న సంగతి గురించి అందులో చెప్పుకున్నారు. ఆ పుస్తకాన్ని నా పనికి ఆధారంగా చూపించుకున్నాను. తేడా ఇప్పుడు తెలుస్తోంది. వాళ్ళు కూచుని, ఎదుటి మనిషిని చూసి, చెప్పాలనుకున్నది చెప్పారు, వద్దనుకున్నది ఆపుకున్నారు. ఆ పని చేసిన పరిశోధకులు గంటలకు గంటలు విన్నారు. నేను రెండు వాక్యాలు రాశాను.

పోలండ్ దర్శకుడు ఆంద్రే వైదా 1977లో ‘మ్యాన్ ఆఫ్ మార్బుల్’ తీశాడు. అగ్నేష్కా అనే సినిమా విద్యార్థిని, ఒకప్పుడు ప్రభుత్వం ఆకాశానికెత్తి తర్వాత మాయం చేసిన బిర్కుత్ అనే తాపీ కార్మికుడి మీద డిప్లొమా సినిమా తీయాలనుకుంటుంది. అతని పాలరాతి విగ్రహం మ్యూజియం గోదాములో పడి ఉంటే దొంగచాటుగా చిత్రిస్తుంది. ఆమె దూకుడు నాకు భలే నచ్చింది, అది నా దూకుడులాంటిదే. చివరికి ఆమె చేతిలోంచి కెమెరా లాగేసుకుంటారు. దిగులుగా ఇల్లు చేరితే వాళ్ళ నాన్న, సినిమా లేకపోతేనేం, ఆ మనిషిని వెతకమంటాడు. కెమెరా లేకుండానే ఆమె బయల్దేరి, గ్దాన్స్క్ ఓడల కర్మాగారంలో బిర్కుత్ కొడుకుని పట్టుకుంటుంది. పుస్తకాల్లో ఈ సినిమాను రాజ్యం మీద విమర్శగానే చదివాను. ఈసారి ఆ తండ్రి మాట దగ్గర ఆగిపోయాను. పైకి చూపించే పని లేకపోయినా ఒక మనిషి గురించి తెలుసుకోవాలనిపిస్తుందా?

నేనూ అలాగే వెళ్ళాను. నోట్‌బుక్ లేదు, ఫోన్ రికార్డింగ్ లేదు. చింతపండు గింజలు తీస్తూ కూచున్నాం. రాత్రిళ్ళు సినిమాలు చూశాం. ఊళ్ళు విడిచి నగరానికొచ్చిన కూలీల మీద నర్సింగరావు తీసిన ‘మట్టి మనుషులు’ (1990) గురించి చెబితే, ‘పాలమూరు లేబరా?’ అని అడిగి, పెళ్ళయిన కొత్తలో కాలువ పనికి పోయిన సంగతి చెప్పింది. మట్టి తట్టల లెక్క, మేస్త్రీ తిట్లు, చెట్టుకు కట్టిన ఉయ్యాల. వెట్టి పోయి కూలి వచ్చింది, ఆమె చూసిన మార్పు అది. ‘పైసలిచ్చిన్రు. అది ఫరకు’ అంది. ‘మల్లేశం’ (2019) మాత్రం చివరిదాకా చూసింది. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం తల్లి చీరకు 9 వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించి ఆసు పోయడం, ఆమె భుజం నొప్పి చూడలేక కొడుకు 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేయడం మనకు తెలిసిన కథే. మంచి సినిమా. నాయినమ్మ తన భుజం నిమురుకుంటూ, ‘ఆ తల్లి పేరేంది?’ అని అడిగింది. లక్ష్మి అని చెప్పాను. ‘మరి సిన్మకు పిలగాని పేరు వెట్టిన్రేంది?’ అంది. ఇద్దరం నవ్వాం.

ఆ తర్వాత ఒక రాత్రి తనే వాళ్ళమ్మ గురించి కొంత చెప్పింది. అందులో ఏదీ ఇక్కడ రాయడం లేదు. ఈ వ్యాసం రాస్తానంటే, ‘గింతవరకు రాసుకో’ అని హద్దు గీసి మరీ ఒప్పుకుంది. చదివి వినిపించాను, ఒకచోట కొట్టేయమంది, కొట్టేశాను.

నా గ్రంథం పుస్తకంగా రావాల్సి ఉంది. ఆ రెండు వాక్యాలు తీసేస్తే అధ్యాయం బలం తగ్గుతుందని ప్రచురణకర్త అంటున్నారు. నిజమే, తగ్గుతుంది. ప్రూఫులు ఈ నెలాఖరుకి పంపాలి.