ఊరకుండుమని చెప్పిన ఇల్లు

ధ్యానభాగము: 2 సమూయేలు 13వ అధ్యాయము, 1 నుండి 22 వచనములు



కళాశాలలు తెరచు కాలము వచ్చినప్పుడెల్ల తలిదండ్రులు ఆడపిల్లలను వెంటబెట్టుకొని ప్రార్థన చేయించుకొనుటకు మా ఇంటికి వచ్చుచుందురు. తల వంచుకొని నడువుమనియు, ఎవరితోను మాటలాడకుమనియు, చీకటి పడకముందే హాస్టలు చేరుమనియు పిల్లకు బుద్ధి చెప్పుమందురు. కుమారుని కాలేజీకి పంపుచు, “అయ్యగారూ, ఆడపిల్లల యెడల ఎట్లు నడుచుకొనవలెనో వీనికి చెప్పుడి” అని అడిగిన తండ్రి నా సేవాకాలములో ఒక్కడును కనబడలేదు.

పైన చెప్పిన అధ్యాయమును మనము గుడిలో చదువము. దావీదు గొల్యాతును కొట్టిన సంగతి పిల్లలకు కంఠస్థము. దావీదు కుమార్తె సంగతి పెద్దలకే తెలియదు. తామారు చేసిన తప్పేమి? వెదకి చూడుడి. తండ్రి పంపగా వెళ్లెను. రోగినని పండుకొనిన సవతి అన్నకు పిండి పిసికి అప్పములు కాల్చెను. ఆమె వెళ్లినది చీకటి సందునకు కాదు, అన్న ఇంటికి. ధరించినది రాజకుమార్తెలకు తగిన వస్త్రము. అతడు పట్టుకొనగా వద్దనెను, ఇట్టి దుష్కార్యము తగదని న్యాయము చెప్పెను. మనము ఆడపిల్లలకు చెప్పు బుద్ధులన్నియు ఆమెయందుండెను. అవి ఆమెను కాపాడలేదు, ఏలయనగా పాపము ఆమెలో లేదు, అమ్నోనులో ఉండెను.

అయితే నేను యెహోనాదాబును చూడుమనుచున్నాను. అతడు తామారును ముట్టలేదు. రోగివలె పండుకొనుమని స్నేహితునికి ఉపాయము మాత్రము చెప్పెను. రెండు సంవత్సరముల తరువాత అమ్నోను హతుడైనప్పుడు, అబ్షాలోము ఆ దినమునుండియే దీనిని నిర్ణయించుకొనెనని రాజునకు చెప్పినవాడును ఇతడే. అంతయు ఎరిగి ఊరకుండెనన్నమాట! నేటి కాలేజీలలో యెహోనాదాబు ఎవడు? స్నేహితునికి గది తాళపుచెవి ఇచ్చువాడు. పానీయములో మత్తుమందు కలుపుచుండగా చూచి నవ్వువాడు. ఫోనులో తీసిన చిత్రమును నలుగురికి పంపువాడు. “నేనేమి చేసితిని?” అని వాడనును. మన కుమారులు అమ్నోనులు కారని మనకు నమ్మకమే. యెహోనాదాబులు కారని ప్రమాణము చేయగలమా? ఆ స్నేహితుడు “వద్దురా” అని చేయి పట్టుకొనియుండిన యెడల తామారు బూడిద పోసికొని, చీర చింపుకొని, ఏడ్చుచు వీధిని పోవలసిన పనిలేకపోయెడిది.

ఇక పెద్దలు. అబ్షాలోము చెల్లెలిని ఊరకుండుమనెను. దావీదు బహుగా కోపించెను; కోపించి ఏమి చేసెనో చూతమన్న ఆ అధ్యాయములో ఏమియు లేదు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట, నేను వేరొక ఊరిలో సేవచేయుచుండగా, డిగ్రీ చదువు బిడ్డ యొకతెను తల్లి నా యొద్దకు తెచ్చెను. పాఠము చెప్పువాడే ఆమెపై చేయి వేసెను. నేను “పెండ్లి కావలసిన పిల్ల గదమ్మా, బయట పెట్టకుడి, ప్రార్థన చేయుదము” అంటిని. ఆమె చదువు మానెను, గుడి మానెను. అతడు అక్కడనే పాఠములు చెప్పుచుండెనని తరువాత వింటిని. ఈ మధ్య ఆమె యొద్దకు వెళ్లి క్షమాపణ అడిగితిని. ఆమె సెలవిచ్చినందుననే ఇది వ్రాయుచున్నాను.

నాడు నేను చెప్పవలసినది వేరు. 1992లో రాజస్థాన్ పల్లెలో బాల్యవివాహములను ఆపబూనిన ఒక పేదరాలు, ఆ పగతో తనను చెరచిరని ఫిర్యాదు చేసెను, ఊరకుండలేదు. దానిమీదట స్త్రీల సంఘములు వేసిన వ్యాజ్యములో 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పునిచ్చెను. (ఇది మన విశాఖపట్నము కాదు, అక్కడి ఒక స్త్రీల సంఘము పేరు.) దాని వెనుక 2013 నాటి చట్టమును, 2016లో యూజీసీ నిబంధనలును వచ్చెను. వాటిని బట్టి ప్రతి కళాశాలలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండవలెను. దానికి అనుభవముగల అధ్యాపకురాలు అధ్యక్షురాలు. మూడు నెలలలోగా వ్రాసి ఇయ్యవలెను; తగిన కారణమున్న మరి మూడు నెలలు గడువు ఇయ్యవచ్చును. కావున పిల్లను చేర్పించు దినముననే, ఫీజు ఎంతని అడిగినట్లే, ఆ కమిటీలో ఎవరున్నారని ఆఫీసులో అడుగుడి. తండ్రులు అడుగుచున్నారని తెలిసిన చోట దుష్టునికి భయముండును.

బలాత్కారమే జరిగినయెడల, స్నానము చేయింపక, బట్టలు ఉదుకక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ప్రభుత్వ ఆసుపత్రియైనను ప్రైవేటుదైనను ఉచితముగా చికిత్స చేయవలెనని చట్టము. మా పరిధి కాదని ఏ పోలీసు స్టేషనువారును త్రిప్పి పంపరాదు. ఫోను 112, లేక స్త్రీలకు 181. ఇంటరు చదువు పిల్లలలో 18 ఏండ్లు నిండనివారే ఎక్కువ. అట్టి బిడ్డ సంగతి తెలిసియు పోలీసులకు చెప్పకుండుట 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము నేరము. పాస్టరుకును ఇది వర్తించును.

ఇంకొక మాట. స్త్రీల కూటములో “ఫలానావారి అమ్మాయి కొరకు ప్రార్థించుడి” అని పేరు పెట్టి మనవి చేయుట మనకు అలవాటు. మధ్యాహ్నమునకు అది ఊరంతయు తిరుగును. ఆ బిడ్డ పేరు దేవునికి తెలియును, మీరు చెప్పనక్కరలేదు.

వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత కాలేజీకి పోవు మగపిల్లలును వారి తండ్రులును గుడిలో నిలువవలెను. ఈ అధ్యాయము కలిసి చదువుదము. ఆడపిల్లలు ఇండ్లకు వెళ్లవచ్చును.