చట్టం చదివి చెప్పేవాళ్ల కూలి

పారాలీగల్ కోర్సు చేస్తే ఏమొస్తుందన్న ప్రశ్నకు హైదరాబాదులో జవాబు సులువుగానే దొరుకుతుంది. అక్కడ కంపెనీల లీగల్ విభాగాలున్నాయి, విదేశీ లాయర్ల పని ఇక్కడ చేసిపెట్టే ఆఫీసులున్నాయి. ఇంగ్లీషు బాగా వస్తే ఒప్పంద పత్రాలు సరిచూసి జీతం తీసుకోవచ్చు. కట్టిన ఫీజు, వచ్చే జీతం పక్కపక్కన పెట్టి చూసుకుంటే లెక్క తేలిపోతుంది.

అదే ప్రశ్న కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలోని ఒక ఇంట్లో పుట్టిందనుకుందాం. వాన ముఖం చాటేసిన ఏడు తాళం వేసుకుని సుగ్గికి (వలస కూలికి) పోయే ఇల్లు. అమ్మాయి ఇంటర్ పాసైంది. ఆ తండ్రి ఏమడుగుతాడో ఊహించడం కష్టం కాదు: "అంత దుడ్డు కట్టి చదివితే కోర్టులో నిలబడి మాట్లాడనిస్తారా పాపా?" "లేదు నాయనా, నల్లకోటు వాళ్లే మాట్లాడాల." "మరి దేనికి?"

తండ్రి మాటలో తప్పేమీ లేదు. 1961 నాటి అడ్వకేట్ల చట్టం వాదించే వృత్తిని ఎన్‌రోల్ అయిన న్యాయవాదులకే ఇచ్చింది. ఏదైనా ఒక కేసులో జడ్జి ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప బయటివాళ్లకు చోటు లేదు. పారాలీగల్ సర్టిఫికెట్ చదువుకు గుర్తు, అంతే. దానితో కొత్త హక్కేమీ రాదు. ప్రవేశాల కరపత్రాల్లో ఈ ముక్క పెద్దక్షరాల్లో వేస్తే బాగుండును. (తొలకరి పడగానే జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో వజ్రాల కోసం రోజుల తరబడి నేల వెతికేవాళ్లను ఖర్చెంత, రాబడెంత అని ఎవరూ నిలదీయరు. ఆడపిల్ల చదువు దగ్గరికొచ్చేసరికి అందరం లెక్కల మాస్టర్లమే.)

ఫీజు లేని దారి ఒకటుంది. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం కింద జాతీయ సంస్థ 2009లో పారాలీగల్ వాలంటీర్ల పథకం పెట్టింది. ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, పొదుపు సంఘాల మహిళలు, విద్యార్థులు, చివరికి దీర్ఘకాలం శిక్ష అనుభవిస్తూ సత్ప్రవర్తనతో ఉన్న చదువుకున్న ఖైదీలు కూడా ఇందులో చేరవచ్చు. శిక్షణ ఆ సంస్థలే ఇస్తాయి. పనిచేసిన రోజుకు గౌరవ వేతనం ఉంటుంది. కానీ దీన్ని ఆదాయ మార్గంగా చూసేవాళ్లు కాక, సేవాభావం, కరుణ ఉన్నవాళ్లు రావాలని పథకం కోరుకుంటుంది.

నాకు మింగుడుపడనిది ఈ షరతే. న్యాయమనే పనిలో జడ్జికి జీతం ఉంది, వకీలుకు ఫీజు ఉంది, సమన్లు తెచ్చే అమీనాకు, తలుపు దగ్గర పేర్లు పిలిచే బంట్రోతుకు జీతం ఉంది. ఊరి మనిషిని ఆ తలుపు దాకా తెచ్చే మనిషికి మాత్రం కరుణ ఉంటే చాలు! ఆ కరుణ కూడా కూలి మానుకుని బస్సెక్కి పత్తికొండ కోర్టు దాకా రావాలి కదా.

అలాగని ఆ కూలి అర్జీదారు చేతనే ఇప్పిద్దామా? అప్పుడు ఆ అమ్మాయికీ, ఆఫీసు బయట కాగితానికింత అని తీసుకునే దళారికీ తేడా ఏం మిగులుతుంది? ఎదుటివాడి అజ్ఞానం మీద బతికే పని ఏదైనా ఆ అజ్ఞానం పోవాలని నిజంగా కోరుకోగలదా? ఈ అనుమానం వకీళ్ల మీదా ఉంది, వైద్యుల మీదా ఉంది. వాళ్లను ఆ అనుమానంతోనే బతకనిస్తున్నాం. పారాలీగల్‌ను మాత్రం ఆకలితో పరీక్షిస్తున్నాం.

ఇంతకీ ఆ అమ్మాయి చేసే పనేమిటి? తాత పేరు మీదే ఉండిపోయిన మూడెకరాలు మనవడి పేరు మీదికి రావాలి. అర్జీలో సర్వే నంబరు 214 అని ఉండాల్సిన చోట 241 పడిందనుకోండి, అది తిరిగొచ్చే దాకా ఒక పంటకాలం పోతుంది. పాసుబుక్కు లేదు కాబట్టి బ్యాంకులో పంట రుణం లేదు. నంబరును రెవెన్యూ రికార్డు 1బితో పోల్చి సరిచేయడం, అర్జీ రెండు కాపీలు రాసి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవడం, ఆ ముద్ర కాగితాన్ని పారేయొద్దని ఆ ఇంటి అవ్వకు చెప్పడం: పని ఇదే. ఆఫీసు పలకకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. రాయడం రాని మనిషి నోటితో చెబితే దాన్ని కాగితం మీద పెట్టడానికి అధికారే సాయపడాలని 6వ సెక్షన్ అంటోంది. అయిదు రూపాయల హక్కు ఉందని తెలియక అయిదు వేలు పోగొట్టుకున్న మనిషి ఒక్కడు తెలుసుకున్నా లాభమే. అయితే ఆ లాభం పడేది అవ్వ ఇంట్లో, ఖర్చు పడింది ఆ తండ్రి ఇంట్లో. రెండూ ఒకే పద్దులోకి రావు కాబట్టే ఈ కోర్సు ఎప్పుడు చూసినా నష్టంగానే కనబడుతుంది.

రాసి ఉన్న మాటను జనానికి చేర్చే మనిషి కావాలన్న చిక్కు ఈ నేలకు కొత్తేమీ కాదు. జొన్నగిరి దగ్గరి ఎర్రగుడి బండల మీద క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు చెక్కించిన మాటలున్నాయి. ప్రాకృత భాష, బ్రాహ్మీ లిపి. కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు పోతాయి. చదువొచ్చినవాడికే తల తిరిగే రాత. అది జనానికి దానంతటదే అర్థమైపోతుందని ఆ రాజు అనుకోలేదు. రజ్జుకులనే అధికారులు భేరి మోగించి జనపదానికి వినిపించాలని ఆ శాసనంలోనే రాయించాడు. రాతిలో చెక్కినా చాలదు, చెప్పే మనిషి కావాలని అప్పుడే తెలుసు. ఆ చెప్పే మనిషి కొలువులో ఉన్నవాడు.

మన కాలంలోనూ ఒకసారి ఆ దారి పట్టాం. 2006 ప్రాంతంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్), ఇందిరా క్రాంతి పథం కింద పల్లె యువతను పారాలీగల్స్‌గా, కమ్యూనిటీ సర్వేయర్లుగా తయారుచేసింది. పేదల భూమి చిక్కులను ఊరూరా తిరిగి వెతికి, రికార్డులు చూసి, తహసీల్దారు ముందుకు తెచ్చారు. పథకంతో వచ్చిన కొలువులవి, ఊళ్లో స్థిరపడినవి కావు. డబ్బున్న దేశాల్లోనూ ఇది తేలిగ్గా నిలవలేదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం వకీలు కాని వాళ్లకు కుటుంబ వివాదాల్లో పరిమిత లైసెన్సు ఇవ్వాలని 2012లో నిర్ణయించింది. ఖర్చుకు తగినంత మంది రాలేదని అక్కడి సుప్రీంకోర్టే 2020లో కొత్త లైసెన్సులకు స్వస్తి చెప్పింది. తక్కువమందికి పనికొచ్చింది కాబట్టి ఆపాలా, ఇంకా ఎక్కువమందికి అందేలా చూడాలా? లెక్కల పుస్తకం ఈ రెండో ప్రశ్న అడగదు.

ఆ అమ్మాయికి నేనైతే ఇలా చెబుతాను. ముందు వాలంటీరు శిక్షణకు పో, అక్కడ ఫీజు లేదు. నీకు ఈ పని పడుతుందో లేదో తెలుస్తుంది. తర్వాత డబ్బు కట్టే కోర్సు ఏదైనా సరే, పోయిన ఏడు చదివినవాళ్లలో ఎవరు ఏ పనిలో ఉన్నారో అడిగి, కనీసం ఇద్దరితో మాట్లాడాకే చేరు. లా చదివే ఓపిక, వీలు ఉంటే అదే చదువు.

ఆ తండ్రికి మాత్రం ఏం చెప్పాలో నాకు తోచదు. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాయి. పశువుకు జబ్బు చేస్తే చూసే ఉద్యోగిని పెట్టారు, పైరు చూసేవాళ్లను, పొలం కొలిచేవాళ్లను, కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లను పెట్టారు. ఆ కొలువుల జాబితాలో చట్టం చదివి చెప్పే మనిషి లేడు. ఆ కుర్చీ ఒకటి వేసి ఉంటే, "మరి దేనికి?" అని ఆయన కూతుర్ని అడిగేవాడా?