దంపతుల వ్యాపారము – ధర్మము
స్థలముల క్రయవిక్రయములందు దంపతులు గలసి మధ్యవర్తులగుట నేటి నగరములలో నరుదు గాదు. భర్త హద్దులను, దస్తావేజులను జూపును. భార్య వంటయింటిని, నీటివసతిని జూపి కొనువారి శంకలు దీర్చును. మధ్యవర్తులు నమోదు పొందవలెనని 2016వ సంవత్సరపు స్థిరాస్తి నియంత్రణ చట్టము విధించినది. ఆ నమోదు భర్తపేరనే యున్నచో రుసుమును నాతనికే చేరును.

“కాపుర మొక్కటియే గదా, లెక్క లేల?” యందురు. ఒక్కటియే యైనచో నామె పేరు వ్రాయుటకు సంకోచ మేల? స్వశక్తిచే నార్జించి స్త్రీ పొందిన యాస్తి యామెదే యని 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము చెప్పుచున్నది. బోయగా నున్న వాల్మీకి యిల్లాలు భర్త పాపమున భాగము వలదన్నదట! ఈ యిల్లాలో, బేరము చెడిన నిందలో భాగము పొందుచు ఫలమున భాగము లేక యున్నది.

పరుల యాస్తికి హక్కుదారు లెవ్వరో శోధించువారు మొదట తమ యింటిలెక్కను శోధింపవలదా?