వినత పగలగొట్టిన గుడ్డు, అమ్మ పొదగేసిన గుడ్లు

నిన్నటి వీడియో గరుత్మంతుడి మీద కాబట్టి వాళ్లమ్మ వినత దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. ఇవాళ ఆవిడ దగ్గరే కూర్చుందాం. ఇది మన గోదావరి ఒడ్డున తెలుగైన కథే. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ్యగారు మొదలుపెట్టిన భారతంలో, ఆదిపర్వంలోనే వస్తుంది.

కశ్యపుడి భార్యలు కద్రువ, వినత. కద్రువకి వెయ్యి గుడ్లు, వినతకి రెండు. ఐదు వందల ఏళ్లు వెచ్చగా దాచారు. కద్రువ గుడ్లన్నీ పిల్లలయ్యాయి. వినతవి కదల్లేదు. పక్కింటి పిల్లల కేరింతలు వింటూ మన గుడ్డుకేసి చూసుకోవడం ఎలా ఉంటుందో, రోజూ అందరి రీల్స్ చూసే మనకి వేరే చెప్పక్కర్లేదు. ఆగలేక ఒక గుడ్డు పగలగొట్టింది. పైసగం దేహమే ఏర్పడిన అనూరుడు బయటికొచ్చాడు. కోపంతో శపించాడు కూడా: సవతికి దాసివి అవుతావు, రెండో గుడ్డునైనా కదపకుండా ఉంచు, వాడే నిన్ను విడిపిస్తాడు అని.

ఈ కథ చెప్పి దుఃఖంలో ఉన్నవాళ్లని "నీ తొందర వల్లే" అనేవాళ్లుంటారు. అది నాకు అస్సలు నచ్చదు.

ఎందుకంటే, కోనసీమ నుంచి ఒక చెల్లెలు మొన్న మెసేజ్ పెట్టింది. వాళ్లమ్మ పోవడానికి వారం ముందు పెరట్లో పెట్టని పదకొండు గుడ్ల మీద పొదగేసిందిట. అమ్మ చేత్తో పెట్టినవి కదా, అవైనా పిల్లలైతే చాలనుకుంది ఆ అమ్మాయి. ఇరవై ఒకటో రోజు దాటింది. ఇంకో నాలుగు రోజులు చూశారు. ఒక్కటీ పగల్లేదు, అన్నీ మురిగిపోయాయి. పరామర్శకి వచ్చిన ఒకావిడ "మైల ఇంట్లో గుడ్డు పిల్లవుద్దేటే?" అందిట.

అమ్మా, మైల అంటే దుఃఖంలో ఉన్న మనిషి ఏయే పనులు ఆపుకోవాలో చెప్పే నియమం. దానికీ గుడ్డుకీ సంబంధం లేదు. ఎండాకాలం గుడ్లు ఎక్కువ రోజులు దాచి పొదగేస్తే జీవం పోతుంది. పుంజు కలవని గుడ్డు ఎన్నాళ్లున్నా పిల్లవదు. ఇంటినిండా జనం తిరుగుతుంటే పెట్ట బెదిరి గంప దిగిపోతుంది, గుడ్లు చల్లారిపోతాయి. వీటిలో మీ ఇంట్లో ఏది జరిగిందో నేను చెప్పలేను. కానీ వినత పగలగొట్టింది, నువ్వు పగలగొట్టలేదు. ఈ తేడా మర్చిపోకు.

అనూరుడు సూర్యుడి రథసారథి అయ్యాడు కాబట్టి నీ గుడ్లకీ ఏదో పరమార్థం ఉందని నేననను. అవి పోయాయి. కొబ్బరి మొదట్లో గొయ్యి తీసి పాతిపెట్టు. ఏడుపొస్తే ఏడువు. అది గుడ్ల కోసం కాదని మనకి తెలుసు. పెట్ట ఖాళీ గంపలోనే కూర్చుని తిండి మానేస్తుంది, దాన్ని దింపి నూకలు వెయ్యి.

వినత సంగతికొస్తే, ఒక గుడ్డు పోయాక, శాపం నెత్తినుండగా, రెండో గుడ్డు దగ్గర ఇంకో ఐదు వందల ఏళ్లు కూర్చుంది. దాసీతనం కూడా చేసింది. ఆ ఏళ్లలో ఆవిడేమనుకుందో కథ చెప్పదు. ఆ గుడ్డులోంచి వచ్చినవాడే గరుడుడు. పోయినవాళ్లు ఎక్కడికెళ్తారు, ఉన్నవాళ్లం ఏం చెయ్యాలి అని విష్ణువుని అడిగింది ఆయనే. మన ఇళ్లలో ఆ పది రోజులూ చదివించుకునే గరుడ పురాణం ఆ ప్రశ్నలకి జవాబే. మీ అమ్మ మాసికం రోజున దాన్ని మళ్లీ తీసి, ఈసారి నువ్వే చదువుకో.