అడిగిన మాట - అడిగిన మనిషి

వర్తకమున మొదటి పాఠము వినుట. వచ్చినవాడు ఏమి అడిగెనో విని సరుకు చూపుట మన పెద్దల నాటి పద్ధతి. నేడు ఆ అడుగుట అంగడి గడప తొక్కక మునుపే, గూగుల్ వంటి శోధన యంత్రము ముందు జరిగిపోవుచున్నది. ఆ మాటను వర్తకుడు ఎంతవరకు తెలిసికొనవచ్చును? ఇది లాభనష్టముల ప్రశ్న మాత్రమే కాదు, ధర్మాధర్మముల ప్రశ్న కూడ.

గూగుల్ సంస్థ 2000 అక్టోబరులో ఆడ్‌వర్డ్స్ అను ప్రకటనల పద్ధతిని ఆరంభించినది. 2018లో దాని పేరు గూగుల్ యాడ్స్ అయినది. వర్తకుడు కొన్ని కీవర్డులు ఎంచుకొనును. తన ప్రకటనపై ఎవరైన క్లిక్ చేసినప్పుడు సొమ్ము చెల్లించును. అయితే అతడు ఎంచుకొన్న మాట వేరు, జనులు వెతికిన మాట వేరు. 'వెండి గిన్నెలు' అని ఎంచుకొన్నవాని ప్రకటన, 'వెండి గిన్నెల నలుపు పోవుట ఎట్లు' అని వెతికినవారికిని కనబడవచ్చును. ఆ క్లిక్కుకు ఖర్చే గాని బేరము లేదు. అట్టి మాటలను గుర్తించి తొలగించుకొనుటకే సెర్చ్ టర్మ్స్ రిపోర్టు ఉన్నది. సొమ్మిచ్చినవాడు దేనికిచ్చితినని అడుగుట దోషము కాదు.

ఇక అడిగినవాని పక్షము చూడవలెను. ఇంట చెప్పుకొనలేని జబ్బు, తీరని అప్పు, సంబంధము కుదరని దిగులు, ఇవన్నియు మనుష్యులు యంత్రమునకు చెప్పుచున్నారు. 2006 ఆగస్టులో అమెరికాలోని ఏ.ఓ.ఎల్. సంస్థ 6,50,000 మందికి పైగా జనుల వెతుకులాటలను బయటపెట్టినది. పేర్లు తీసివేసి అంకెలు వేసినది. అయినను న్యూయార్క్ టైమ్స్ విలేకరులు మాటలను బట్టియే ఒక స్త్రీ ఎవరో కనుగొనిరి. పేరు చెరిపినంత మాత్రమున మనిషి చెరిగిపోడని అప్పుడు తెలిసినది.

2011 అక్టోబరులో గూగుల్, తన ఖాతా తెరచి వెతుకువారి మాటలు ఇతర సైట్లకు చేరకుండ కట్టడి చేసినది. కాని ప్రకటనలపై క్లిక్ చేసినవారి మాటలు మాత్రము 2014 వరకు ప్రకటనదారులకు చేరుచునేయుండెను. గుట్టు నిజముగ గుట్టయినచో, డబ్బిచ్చినవానికి ఒక న్యాయము, ఇయ్యనివానికి ఒక న్యాయమా? 2020 సెప్టెంబరులో, ఎక్కువమంది వెతికిన మాటలనే రిపోర్టులో చూపుదుమనిరి. అప్పుడు వర్తకులు, మా సొమ్ము దేనికి పోయినదో తెలియకున్నదని మొరపెట్టుకొనిరి. రెండు పక్షములలోను న్యాయము ఉన్నది.

కనుక గీత ఎక్కడ గీయవలెను? మాటకు లెక్క ఉండవచ్చును. ఏ మాటకు ఎన్ని క్లిక్కులు, ఎంత ఖర్చు, ఎంత బేరము అని చూచుట జమాఖర్చు. కాని ప్రకటన లింకుకే కీవర్డును తగిలించి పంపు వీలు కూడ ఉన్నది. వచ్చినవాడు తన పేరు, ఫోను నంబరు రాసియిచ్చినచో, ఆ కీవర్డు అతని పేరు ప్రక్కన పద్దుగా చేరును. అప్పుడది జమాఖర్చు కాదు, ఒకరి గుట్టును దాచియుంచుకొనుట. అతడు తన నంబరు మనకిచ్చెను. తన దిగులును ఇయ్యలేదు.

మందుల అంగడివాడు ఎవరేమి కొనిరో ఎరుగును, వీధిలో చెప్పడు. ఆ నోటి కట్టుబాటు చేతి రాతకును ఉండవలెను. తెలిసికొను వీలున్నదంతయు తెలిసికొను హక్కు కాదు. ఖాతాలో మాటను రాసికొందము, మనిషిని విడిచిపెట్టుదము.