ఒకే ఓడ మనుషులు

స్నేహితుల్ని మనం ఎంచుకుంటాం. బంధువులు పుట్టుకతో వస్తారు. మరి ఒకే ఓడలో పనిచేసినవాళ్ళని ఏమనాలి? పక్క పడకమీద ఎవరుండాలో వాళ్ళని ఎవరూ అడగలేదు. అయినా యాభై ఏళ్ళ తర్వాత ఒకరినొకరు చూసుకోవడానికి మోకాళ్ళ నొప్పుల్ని కూడా లెక్కచెయ్యరు!

మా బాబాయి 1971లో విక్రాంత్ మీద నావికుడు. పాతవాళ్ళంతా విశాఖలో కలుస్తున్నారంటే, మొన్న శ్రీకాకుళం నుంచి కారులో నేనూ తోడు వెళ్ళాను. 1997లో సేవనుంచి తప్పించిన ఆ ఓడని 2014లో ముంబైలో ముక్కలు చెయ్యడం మొదలుపెట్టారు కదా. అందుకే రణస్థలం దాటాక, "ఓడే లేదు, ఇంకేం కలుపుతుంది బాబాయ్ మిమ్మల్ని?" అన్నాను.

"ఓడంటే ఇనుమేటమ్మా? మనుషులు కాదేటి!" అన్నాడు.

పూసపాటిరేగ వచ్చేసరికి ఆయన మాటలు తగ్గాయి. విక్రాంత్‌ని వేటాడ్డానికి వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిపోయింది. అప్పటికి విక్రాంత్ అండమాన్ వైపు ఉంది. ఘాజీలోని 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు. ఆ ఓడ ఇప్పటికీ అక్కడే, సముద్రం అడుగున ఉంది.

"వాళ్ళూ ఒకే ఓడ మనుషులే కదమ్మా" అన్నాడు బాబాయి, భోగాపురం దగ్గర.

ఘాజీ వేట ఫలించి ఉంటే మా ఈ ప్రయాణమే ఉండేది కాదు. అది తెలిసీ వాళ్ళని తలుచుకోవడం దేశానికి ద్రోహమా? కాదనే నాకనిపిస్తుంది. యుద్ధం జరుగుతున్నంతసేపూ శత్రువు శత్రువే. చనిపోయినవాడితో ఇంకా ఏం పగ? తోటివాళ్ళని మళ్ళీ కలుసుకోవడం ఎంత భాగ్యమో తెలిసినవాళ్ళకే, ఆ భాగ్యం దక్కనివాళ్ళ లోటూ తెలుస్తుంది.